జగదీష్ ఇంట్లో ఎర్త్ పోయింది

1985 సెప్టెంబరు 28, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు. న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో, జగదీష్ ఇంట్లో శాటిలైట్ రిసీవర్ ఆన్ కాలేదు.

బటన్ నొక్కారు. ఎర్రలైటు వెలగలేదు. మళ్ళీ నొక్కారు. వెలగలేదు. ముందురోజు గ్లోరియా తుఫానుకి కరెంటు పోయి రాత్రికి వచ్చింది. అప్పటికి తెలిసింది ఇంతే.

ఇక నా మాట వినండి. ఆన్ కాని రిసీవరంత మేలు చేసే వస్తువు ఈ అమెరికాలో మరొకటి లేదు!

నవ్వకండి. వాషింగ్ మెషీన్‌ని పొగుడుతారు. అది చేసిందేమిటి? బట్టలుతికింది. మైక్రోవేవ్‌ని పొగుడుతారు. నిన్నటి సాంబారు వేడిచేసింది. చచ్చిన రిసీవర్ ఏం చేసిందో నేను తేదీలతో సహా చెబుతాను. విన్నాక మీ రిసీవర్ పనిచేస్తోందని మీరే బాధపడతారు.

ముందు అది బతికున్న రోజుల సంగతి. జగదీష్ వంతెనలు కట్టే సివిల్ ఇంజనీరు. ఏప్రిల్‌లో పెరట్లో పదడుగుల డిష్ పెట్టించాడు. ఆ వారం నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నానికి మూడు కుటుంబాలు దిగేవి. నరసింహ మందుల కంపెనీలో కెమిస్ట్రీ డాక్టరేటు. గోపాల్ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. కృష్ణమోహన్ కంప్యూటర్ ప్రోగ్రామరు. భార్యాపిల్లలు, ఇంటివాళ్ళు కలిపి పద్ధెనిమిది మంది.

ఏం చూసేవారు? టెక్సాస్‌లో చేపలు పట్టే పోటీలు. కెనడాలో మంచు ఎంత పడిందో. అన్నిటికన్నా ముఖ్యం, వార్తలు చదివే ఆయన. ప్రకటనలు వస్తున్నంతసేపు ఆయన తల దువ్వుకుంటాడు. ఊళ్ళో వాళ్ళకి అప్పుడు ప్రకటనలే కనిపిస్తాయి, డిష్ ఉన్నవాళ్ళకే ఆయన కనిపిస్తాడు. ఆయన దువ్వెన జేబులో పెట్టి వార్తలు మొదలెట్టగానే ఛానల్ మార్చేసేవారు. వార్తలెవరిక్కావాలి!

ఈ పద్ధెనిమిది మందికీ వండేది జగదీష్ భార్య రాధారాణి.

రాధారాణి కాకినాడలో ఫిజిక్స్ చదివింది. ఇక్కడ ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ మీద పని. సర్క్యూట్ బోర్డు వస్తుంది, పద్నాలుగు పార్టులు పద్నాలుగు కంతల్లో పెట్టి సోల్డర్ చేసి అతకాలి, బోర్డు పోతుంది, ఇంకోటి వస్తుంది. మూడేళ్ళుగా అవే పద్నాలుగు కంతలు.

ఆగస్టులో సూపర్‌వైజర్ మార్గరెట్ ఆమెను పిలిచింది. రిపేరు బెంచిలో ఒక సీటు ఖాళీ అవుతోంది. చెడిపోయి వెనక్కి వచ్చిన బోర్డుల్లో తప్పెక్కడుందో పట్టుకోవడం పని. కౌంటీ కాలేజీలో ఎనిమిది శనివారాల కోర్సు ఉంది, నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగకల్లా సర్టిఫికెట్ తెస్తే సీటు నీది, తేకపోతే పక్క లైన్‌లో ఇంకో అమ్మాయిది. చెబుతానంది రాధారాణి. ఇంటికొచ్చి కేలెండర్ చూసింది. ఎనిమిది శనివారాలు. ఒక్కో శనివారానికీ పద్ధెనిమిది కంచాలు. భర్తను అడగనే లేదు. సెప్టెంబరు 30, సోమవారం, మార్గరెట్‌తో కుదరదని చెప్పాలనుకుంది.

28న రిసీవర్ చచ్చింది. చూశారా దాని టైమింగ్!

నలుగురు మగవాళ్ళూ దాని ముందు కూర్చున్నారు. రాధారాణి వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది.

"ఏమండీ, ఫ్యూజ్ పోయిందేమో చూడండి."

జగదీష్ బేస్‌మెంట్‌లోకి దిగాడు. గోడకున్న కరెంటు పెట్టె తెరిచి చూసి పైకొచ్చాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి. ఇది కాకినాడ కాదు రాధా. ఇక్కడ ఫ్యూజులు పోవు, బ్రేకర్ పడుతుంది."

"గోడది కాదండీ, దాని వెనకాల..."

"నువ్వు ముందు కాఫీ సంగతి చూడు."

రిసీవర్ వెనక ఒక నల్లమూత ఉంటుంది. మూత తిప్పితే లోపల వేలి కణుపంత గాజు ఫ్యూజ్. ఆమె చెప్పబోయింది దాని సంగతి. వాక్యం పూర్తి కాలేదు.

మూడింటికి ఆడవాళ్ళు పిల్లల్ని కారెక్కించారు. బొమ్మ వచ్చేదాకా రామని చెప్పారు. మగవాళ్ళు మాత్రం వస్తామన్నారు. రోగిని వదిలి వెళతారా?

"వచ్చే శనివారం మేం నలుగురం దీని అంతు చూస్తాం" అన్నాడు జగదీష్. "వంటలేం వద్దు, డోనట్లు తెచ్చుకుంటాం. హాలంతా వైర్లు పరుస్తాం, నువ్వు అడ్డం తిరక్కు. మాల్‌కో ఎక్కడికో వెళ్ళు."

"పిల్లలో?"

"నేనింట్లోనే ఉంటాగా."

"కాలేజీలో ఒక క్లాసుంది. ఎనిమిది శనివారాలు."

"వెళ్ళు, వెళ్ళు."

ఏం క్లాసని అడగలేదు.

ఇప్పుడు చెప్పండి. ఎన్ని మొక్కులకీ దొరకని వరం రెండు మాటల్లో ఇప్పించిందెవరు? ఏ దేవుడు? ఏ మామగారు? రిసీవర్!

అక్టోబరు 5న వైద్యం మొదలైంది. తుఫాను చెమ్మ లోపలికి దిగిందన్నాడు నరసింహ. "ఆరబెట్టాలె జగదీషూ, తడిసినదాన్ని ఆన్ చేస్తే ఎట్ల అయితదయ్యా?" రాధారాణి వాడుకునే హెయిర్ డ్రయర్ తెచ్చి ముప్పావుగంట పట్టారు. హెయిర్ డ్రయర్ బ్రహ్మాండంగా పనిచేసింది. గోపాల్ రిసీవర్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "చల్లగా ఉంది. షాక్‌లో ఉన్నట్టుంది, కదపకండి" అన్నాడు. వారం కదపలేదు.

ఆ పై శనివారానికి మాన్యువల్ దొరికింది. దొరికితే చదవాలా? జగదీష్ చివరిపేజీ తిప్పాడు. రిసీవర్ ఆన్ కాకపోతే ఏం చేయాలో ప్రశ్నల వరస ఉంది. మొదటి ప్రశ్న: ప్లగ్ పెట్టారా?

"మనల్ని ఎవరనుకుంటున్నాడు వీడు!" అని పుస్తకం మూసేశాడు. రెండో ప్రశ్న ఫ్యూజ్ గురించి.

తర్వాతి వారం కృష్ణమోహన్ బాధ్యత తీసుకున్నాడు. "మనకి మెథడ్ లేదు గురూ. అందుకే ఇలా తగలడుతున్నాం" అని కాగితం మీద పదకొండు గళ్ళ పటం గీశాడు. బాణాలన్నీ ఒకే గడికి చేరాయి. ఆన్ అయిందా? లేదు. అక్టోబరు 26న జగదీష్ అటకమీంచి స్టెబిలైజర్ దించాడు. 1979లో పాత పంచెలో చుట్టి ఇండియా నుంచి తెచ్చాడు. దాని మీద 220 వోల్టులని ఉంది, ఇక్కడి కరెంటు 110. అయినా రిసీవర్ పక్కనే పెట్టారు, ధైర్యానికి.

మీరు గమనించారో లేదో, ఈ నలుగురూ పదేళ్ళ నుంచి స్నేహితులు. గ్రీన్‌కార్డు, ఇంటి వడ్డీ తప్ప ఇంకో మాట మాట్లాడుకుని ఎరగరు. ఇప్పుడు శనివారానికి ఐదేసి గంటలు మాట్లాడుకున్నారు. మూడు ఇళ్ళలో భార్యలు మధ్యాహ్నం నిద్రపోయారు. జగదీష్ కూతురు రేణుకి తండ్రి శనివారాలు ఇంట్లో ఎలా ఉంటాడో తెలిసింది, టీవీ వెనక దూరి ఉంటాడు కాబట్టి వీపు మాత్రమే తెలిసింది. బొమ్మ కనిపించే రిసీవర్ ఎన్నడైనా ఇన్ని మేళ్ళు చేసిందా?

అదే అక్టోబరు 5న, అదే గంటలో, కౌంటీ కాలేజీ క్లాసులో టీచరు బోర్డు మీద మొదటి పాఠం రాశాడు. చచ్చిన యంత్రాన్ని విప్పకముందు ప్లగ్ చూడు, ఫ్యూజ్ చూడు. రాధారాణి నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. ఫ్యూజ్ అన్న మాట కింద గీత గీసింది.

చెప్పాల్సింది ఒకసారి చెప్పింది. మగనికి రెండోసారి చెప్పాలని ఏ శాస్త్రంలో ఉంది? ఇంకో ఏడు శనివారాలున్నాయి. రిసీవర్ లేచిందంటే కంచాలు లేస్తాయి.

నవంబరు 14, గురువారం, గండం వచ్చింది. ఇంకా రెండు క్లాసులున్నాయి. చివరి క్లాసులోనే పరీక్ష. సాయంత్రం ఆరింటికి జగదీష్ డిష్ అమ్మిన షాపుకి ఫోన్ చేశాడు. వంటింటి గోడకే ఫోను. రాధారాణి స్టవ్ దగ్గర చపాతీలు కాలుస్తోంది.

"మేమందరం కూర్చుని కనుక్కున్నాం. ప్రాబ్లం ఈజ్ ఎర్త్, సర్. దేర్ ఈజ్ నో ఎర్త్."

మన ఊళ్ళో భూమిలోకి దించే తీగని ఎర్త్ అంటాం. ఈ దేశంలో దాన్ని గ్రౌండ్ అంటారు. ఎర్త్ అంటే ఇక్కడ మట్టి, లేకపోతే భూగోళం. ఫ్యాక్టరీలో రాధారాణి గ్రౌండ్ అనే మాట రోజుకి యాభైసార్లు అంటుంది. ఫోనులో అవతలి గొంతు ఆమెకి వినపడుతూనే ఉంది.

"ఎర్త్ లేదా?"

"కంప్లీట్లీ గాన్, సర్."

"గ్లోరియాకి పోయిందా?"

"యెస్, యెస్! గ్లోరియా! ఆఫ్టర్ గ్లోరియా, నో ఎర్త్!"

డిష్ కింద మట్టి కొట్టుకుపోయిందని షాపతనికి అర్థమైంది. అలా చాలా ఇళ్ళలో అయిందని ఓదార్చాడు. శనివారం మనిషిని పంపుతానన్నాడు.

జగదీష్ చెయ్యి మౌత్‌పీస్‌కి అడ్డం పెట్టి ఇటు తిరిగాడు. "చూశావా, ఎర్త్ అనగానే పట్టేశాడు. ఇంకేమైనా అడగాలా?"

రాధారాణి పెనం మీద చపాతీ వైపు చూసింది. ఒక్క మాట చాలు. రేపే మూత తిప్పి, ఎల్లుండి పద్ధెనిమిది మందికి బియ్యం కడగవచ్చు.

"ఏం లేదండీ" అంది. చపాతీ తిరగేసింది. అప్పటికే మాడింది.

16న ఆమె క్లాసు నుంచి వచ్చేసరికి డిష్ గడ్డిలో వెల్లకిలా పడి ఉంది. పెరట్లో నడుంలోతు గుంట. పక్కన నలుగురు మగవాళ్ళు, చేతుల్లో డోనట్లు. గుంటలో వాల్టర్ అనే అమెరికన్.

"మట్టి బాగానే ఉందే!" అంటున్నాడు వాల్టర్.

"మరి వైరు ఎప్పుడు వేస్తావు?" అన్నాడు జగదీష్.

"వైర్లు నాకు రావు. నేను కాంక్రీటు మనిషిని."

ఆ మాటతో జగదీష్ ముఖం వెలిగింది. కాంక్రీటు! ఇరవై ఏళ్ళ చదువు ఎనిమిది వారాల్లో మొదటిసారి పనికొచ్చింది. సిమెంటు పాలెంత, ఇసుక పాలెంత అని గంటసేపు వాదించాడు. రిసీవర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. డిష్ కింద ఉన్న పాత కాంక్రీటు దిమ్మె తీసి కొత్తది పోశారు.

"వారం రోజులు డిష్ ఎక్కించకండి" అన్నాడు వాల్టర్ చేతులు తుడుచుకుంటూ.

"పదిరోజులైనా ఫర్వాలేదు" అంది రాధారాణి.

నవంబరు 23న పరీక్ష రాసింది. సర్టిఫికెట్ ఇచ్చారు. 25న మార్గరెట్ దాన్ని ఫైల్లో పెట్టి, రిపేరు బెంచి దగ్గర స్టూలు చూపించింది. డిసెంబరు 3 నుంచి పని. మంగళవారం మొదలు శనివారం దాకా షిఫ్టు. సంతకం పెట్టింది.

27, బుధవారం రాత్రి. మర్నాడు థాంక్స్‌గివింగ్, మూడు కుటుంబాలూ వస్తున్నాయి. డిష్ కొత్త దిమ్మె మీద నిలబడింది. రిసీవర్ లేవలేదు. జగదీష్ కార్పెట్ మీద కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. ఇంజనీరునని ఎవరికీ చెప్పకుండా బతకడం ఎలాగని ఆలోచిస్తున్నవాడిలా కూర్చున్నాడు.

రాధారాణి బ్యాగులోంచి స్క్రూడ్రైవరు, కొత్త ఫ్యూజ్ తీసింది.

"లైటు పట్టుకోండి."

జగదీష్ టార్చి పట్టుకున్నాడు. నల్లమూత తిప్పింది. గాజు లోపల మసి. తీసి కొత్తది పెట్టి మూత బిగించింది. నలభై సెకండ్లు. బటన్ నొక్కింది. ఎర్రలైటు వెలిగింది.

జగదీష్ లైటు వైపు చూశాడు. కిటికీలోంచి పెరట్లోకి చూశాడు.

"అమ్మయ్య! దిమ్మె గట్టిపడేసరికి ఎర్త్ ఎలా దొరికిందో చూశావా!"

"చూశానండీ" అంది రాధారాణి.

మర్నాడు వచ్చినవాళ్ళందరికీ ఈ కథే చెప్పాడు. నరసింహ వాల్టర్ ఫోన్ నంబరు రాసుకున్నాడు. అతని ఇంట్లో డిష్ లేదు, కానీ ఫ్రిజ్ చప్పుడు చేస్తోందట.

ఇదండీ రిసీవర్ మహిమ. ఇన్ని మేళ్ళలో ఒకే ఒక్క లోటుంది, నిజాయితీగా ఒప్పుకుంటాను. ఎనిమిది వారాలు నలుగురు చదువుకున్నవాళ్ళు ఆ ఇంట్లో అన్నిటినీ ప్రశ్నించారు. తుఫానుని, భూమిని, వోల్టేజీని, కంపెనీని. రోజూ సర్క్యూట్ బోర్డులు చేసి ఇంటికొచ్చే మనిషిని మాత్రం నీకేమైనా తెలుసా అని అడగలేదు. యంత్రం మనిషి చేత ఏదైనా చేయించగలదు. ఆ ప్రశ్న అడిగించడం దానివల్ల కాలేదు.

"నా షిఫ్టు మారింది. శనివారాలు ఉండను" అని రాధారాణి డిసెంబరు 1న చెప్పింది. "సరే" అన్నాడు జగదీష్. టీవీలో వార్తలాయన అప్పుడే దువ్వెన తీశాడు.

డిసెంబరు 7, శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి మూడు కుటుంబాలు వచ్చాయి. రిసీవర్ ఆన్ అయింది.

"రాధారాణి ఏదీ?" అని నరసింహ భార్య ఉష వంటింట్లోకి తొంగిచూసింది.

"అమ్మ వర్క్‌కి వెళ్ళింది ఆంటీ" అంది రేణు. "డాడీ రైస్ చేస్తున్నాడు."

ఒంటిగంటకీ రెండింటికీ మధ్య ఫ్యాక్టరీకి ఆ ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ మార్గరెట్ తీసుకుంది. చీటీ రాసి రిపేరు బెంచి మీద పెట్టింది. చీటీలో ఉన్నవి రెండు మాటలు: భర్త, బియ్యం. రాధారాణి చదివింది. చేతిలో ఉన్న బోర్డులో తెగిన అతుకు పట్టుకుని, సోల్డర్ పెట్టి, మీటరు ఆనించి చూసి, బాగైన బోర్డుల ట్రేలో పెట్టింది. ఆ రోజుకి అది పదకొండోది.