కింది వరసలో నాలుగో గుండ్రం

మంగళవారం పొద్దున ఉప్మా తిని చెయ్యి కడుక్కున్నాక, సత్యవేణి కొడుకు గిరి ఇంటి ముందు కట్టిన ఎన్నికల ఫ్లెక్సీలోకి ఎక్కి, కింది వరసలో ఎడమ నుంచి నాలుగో గుండ్రంలో కుదురుకున్నాడు. వెళ్లేముందు ఉప్మాలో ఉప్పు తగ్గిందన్నాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచాడు. ఫ్లెక్సీ ఎక్కేవాళ్లంతా చెప్పులు కిందే వదులుతారు. గుండ్రంలో భుజాల వరకే చోటుంటుంది, ఆ కిందివి అక్కడ పనికిరావు.

గాజులవారి లైనులో ఇది వింత కాదు. ఆ వీధిలో అన్నీ అద్దె ఇళ్లే. ఓనర్లు వేరే ఊళ్లలో ఉంటారు. సున్నం చూసి ఎన్నేళ్లయిందో గోడలకే తెలియాలి. పిట్టగోడలు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటికి వచ్చాయి. తాళ్లు కట్టడానికి ఆ చువ్వలు మహా వీలుగా ఉంటాయి కాబట్టి, ఎన్నికలు రాగానే పార్టీలవాళ్లు ముందు ఈ వీధికే వస్తారు. బాగున్న ఇంటికి ఫ్లెక్సీ కట్టనివ్వరు. బాగోలేని ఇంటికి అడ్డం చెప్పేవాళ్లు ఉండరు. సత్యవేణి ఉంటున్న ఇంటి ఓనరు పట్టాభిగారైతే ఏ పార్టీవాళ్లనీ కాదనడు. ఫ్లెక్సీ కడితే గోడ పగుళ్లు కనపడవు, పగుళ్లు కనపడకపోతే అవి లేనట్టే అని ఆయన లెక్క.

ఈసారి కట్టింది దామోదర్ గారిది. అందరూ దామన్న అంటారు. ఫ్లెక్సీ నిండా ఆయనే, చేతులు జోడించి నవ్వుతూ. ఆయన కళ్లజోడులో ఒక అద్దమే సత్యవేణి కిటికీ అంత ఉంటుంది. పైన ఆయన పార్టీ పెద్దలు ఒక వరస. కింద ఆయన మనుషులు ఒక వరస, గుండ్రం గుండ్రంగా, మెడలో కండువాలతో. ప్రింటింగ్ షాపువాళ్లు కింది వరసలో కొన్ని గుండ్రాలు ఖాళీగా వదిలి పంపుతారు. వీధిలో కుర్రాళ్లు ఎక్కేకొద్దీ అవి నిండుతాయి. ఎక్కినవాళ్లను వార్డు ఆఫీసువాళ్లు ఇంటి లెక్కలోంచి తీసి ఫ్లెక్సీ లెక్కలో కలుపుకుంటారు. ఆ సాయంత్రమే ఆఫీసు అమ్మాయి వచ్చి, "ఇంట్లో ఇక మీరొక్కరేనా అమ్మా?" అని అడిగి, ఫోనులో ఏదో నొక్కుకుని వెళ్లింది.

అంతకుముందు తల్లీకొడుకులు ఈ సంగతి మీద చాలాసార్లు మాట్లాడుకున్నారు.

"ఇంట్లో ఉంటే నేనున్నట్టు ఎవరికి తెలుస్తుందమ్మా? అక్కడైతే రోడ్డంతా చూస్తుంది. గెలిచాక ముందు కింది వరసవాళ్లకే ఏదో ఒకటి ఇప్పిస్తానన్నాడు అన్న."

"ఎండకి నీ రంగు పోతేనో?"

"మూణ్ణెల్లు గ్యారంటీ ఉందమ్మా."

సత్యవేణి గ్యారంటీలను నమ్మే మనిషి కాదు. ఆమె భర్తది కూడా మంచి ఆరోగ్యమే అన్నారు. గిరి పాల ప్యాకెట్టుకి వెళ్లినా, వాడు వీధి మలుపు తిరిగి వచ్చేదాకా ఆమె లారీలను ఊహించుకుంటూ కూర్చునేది. ఇప్పుడు వాడు ఎక్కడికీ కదలడు. అయినా భయం తగ్గకపోగా దాని దారులు పెరిగాయి. గాలి గట్టిగా వీస్తే తాడు తెగుతుందేమో. కాకి వాలితే కంట్లో పొడుస్తుందేమో. అవతలి పార్టీవాళ్లు చీకటి పడ్డాక బ్లేడు పట్టుకుని వస్తారేమో.

"వాళ్లు కోస్తే దామన్న కళ్లు కోస్తారు వదినా" అంది పక్క పోర్షన్ పైడమ్మ. "కింది వరస జోలికి ఎందుకొస్తారు? అక్కడున్నది ఎవరో వాళ్లకి తెలిస్తేగా."

పైడమ్మ అనుభవస్తురాలు. ఆమె మొగుడు పోయిన ఎన్నికల్లోనే ఎక్కాడు. ఆ ఫ్లెక్సీ మనిషి ఓడిపోయాడు. "తర్వాత బస్టాండు వెనక పునుగుల బండి మీద కప్పారని తెలిసి వెళ్లి చూశా. ఆయనే. ఇంట్లో ఉన్నప్పటికన్నా పద్ధతిగా ఉన్నాడు. తాగిన వాసన కూడా లేదు. ఒక ప్లేటు పునుగులు తినేసి వచ్చేశా."

ఫ్లెక్సీకి ముందు వైపు రంగులుంటాయి, వెనక వైపు తెల్లగా ఉంటుంది. సత్యవేణి ఉండేది వెనక వైపు. కిటికీ తీస్తే తెలుపు తప్ప ఇంకేమీ కనపడదు. పగలు కూడా లైటు వేసుకుని చీరలకు ఫాల్స్ కుట్టుకునేది. కొడుకు ఆ గుడ్డకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తనకు వీపు పెట్టి ఉన్నాడు. వీపు కూడా కాదు, గుండ్రానికి వీపు ఉండదు. సాయంత్రం పడమటి ఎండ ఫ్లెక్సీ మీద పడినప్పుడు మాత్రం లోపలికి రంగులు దిగేవి. దామన్న ముక్కు వంటసామాను అరల మీద పరుచుకునేది. ఆయన పళ్లు మంచం మీదికి వచ్చేవి. గిరి వెలుగు బియ్యం డబ్బా మీద చిన్న బిళ్లలా పడేది. సత్యవేణి మిషను ఆపి ఆ బిళ్ల దగ్గర కూర్చునేది. ఎండ పోయాక లేచి దీపం పెట్టేది.

పొద్దున మాత్రం స్టూలు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లి, అది ఎక్కి వాడి ఎదురుగా నిలబడేది.

"ఆకలేస్తోందా నాన్నా?"

"ఇక్కడ ఆకలి ఉండదమ్మా."

"ఒక ముద్ద పెట్టనా?"

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"అందరూ చూడాలనేగా ఎక్కావు."

గిరి మాట్లాడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉండేవాడు. ఫోటో నవ్వుతూ దిగాడు కాబట్టి అది అలాగే ఉండిపోయింది. సత్యవేణికి అన్నిటికన్నా కష్టం అదే అయింది. ఇన్నేళ్లూ వాడి మొహం చూసి జ్వరం వచ్చిందో, పరీక్ష పోయిందో, ఎవరైనా మాట అన్నారో చెప్పగలిగేది. ఇప్పుడు ఆ మొహంలో ఏమీ దొరకడం లేదు. వాడు బాగున్నానంటాడు, మొహమూ బాగున్నానంటుంది. ఆమె మనసు మాత్రం ఒప్పుకోదు.

దామన్న గెలిచాడు. వీధి చివర టపాసులు కాల్చారు. ఆ మర్నాడే ఎన్నికల ఫ్లెక్సీలన్నీ తీసి ఊరి బయట చెత్త యార్డుకు తరలించాలని ఉత్తర్వు వచ్చింది. వాటి స్థానంలో కృతజ్ఞతల ఫ్లెక్సీలు కడతారట. వాటికి కింది వరస వేరే ఉంటుందట. రోడ్లు వేసేవాళ్లు, స్థలాలు అమ్మేవాళ్లు అప్పటికే ఎక్కేశారట, ఖాళీ లేదట.

సత్యవేణి వార్డు ఆఫీసుకు పరిగెత్తింది. గుమాస్తా మర్యాదగా కూర్చోమన్నాడు.

"దిగాలంటే ఎక్కినవాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలమ్మా. కింద సంతకం ఉండాలి."

"వాడికి చేతులు ఫోటోలో పడలేదు బాబూ. భుజాల దాకే ఉంది."

"పోనీ వేలిముద్ర?"

"వేళ్లు కూడా చేతులకే కదా ఉంటాయి."

గుమాస్తా విసుక్కోలేదు. ఇలాంటివి ఆయన రోజూ చూస్తున్నాడు. "మొత్తం ఫ్లెక్సీలో చేతులున్నది దామోదర్ గారొక్కరికేనమ్మా. ఆయన సంతకం పెట్టినా చెల్లుతుంది. కాకపోతే అక్కడ ఆయన చేతులు జోడించి ఉన్నాయి, పెన్ను పట్టుకునే వీలుండదు. రేపు మీ వీధికి అసలు మనిషే వస్తున్నాడు, పట్టుకోండి."

మర్నాడు దామన్న పైకప్పు లేని జీపులో వచ్చాడు. మెడ నిండా దండలు. సత్యవేణి జనాన్ని తోసుకుంటూ వెళ్లి జీపు అంచు పట్టుకుంది.

"బాబూ, మా గిరిని దింపించండి. రేపు యార్డుకి పంపేస్తారట."

"ఏ గిరి తల్లీ?"

ఆమె ఫ్లెక్సీ వైపు చూపించింది. దామన్న తలెత్తి చూశాడు. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. "బాగా వచ్చింది" అన్నాడు. పక్కనున్నవాళ్లు అవునన్నారు. తర్వాత ఆమె తల మీద చెయ్యి పెట్టి, "గిరి మనోడేనమ్మా. మనోడు ఎక్కడికి పోతాడు" అన్నాడు. జీపు కదిలింది.

సత్యవేణి స్టూలు తెచ్చుకుని ఎక్కింది.

"అన్న నన్ను చూశాడా అమ్మా?" అన్నాడు గిరి.

"చూశాడు నాన్నా."

"ఏమన్నాడు?"

"బాగా వచ్చావన్నాడు."

తీసేవాళ్లు చెప్పిన రోజునే వచ్చారు. ప్రభుత్వం పని చెప్పిన రోజున జరగడం ఆ వీధివాళ్లకి కాస్త వింతగానే అనిపించింది. ఒకడు పిట్టగోడ ఎక్కి తాళ్లు కోశాడు. ఫ్లెక్సీ దామన్న నుదుటి దగ్గర మడత పడి, పెద్ద చప్పుడుతో రోడ్డు మీదికి జారింది. సత్యవేణి ఫాల్స్ కత్తెర తీసుకుని వచ్చి కింది వరస దగ్గర చతికిలపడింది. నాలుగో గుండ్రం అంచు చూసుకుంది. తనకు అలవాటైన పనే. చీర అంచు కన్నా సులువు.

"కోసుకో అమ్మా, మాకేం" అన్నాడు తాళ్లు కోసినవాడు. "తొందరగా కానీ. ఇంకా పక్క వీధి ఉంది."

"కొయ్యొద్దమ్మా" అన్నాడు గిరి.

"యార్డుకి తీసుకెళ్తున్నార్రా నిన్ను. అక్కడ రోజూ చెత్త తగలబెడతారు."

"అన్న కిందుంటేనే అమ్మా నేను ఎవరో ఒకణ్ణి. కోస్తే ఉత్త బిళ్లని. ఎవడీ కుర్రాడు అంటారు."

"నేను అంటానా?"

"నువ్వు కాదమ్మా. జనం."

ఆమె కత్తెరను గుండ్రం అంచు మీద అలాగే ఆనించి ఉంచింది. బిడ్డకు తగులుతుందేమోనని భయం ఒకటి, తగలకుండా కోసినా వాడు ఊరుకుంటాడా అన్న భయం ఇంకొకటి. తెల్లారి లేచి చూస్తే చేతిలో నిజంగానే ఎవడో తెలియని కుర్రాడు మిగిలితే ఏం చెయ్యాలి? కత్తెర మూసి బొడ్లో దోపుకుంది.

"మొత్తం నాకిచ్చేయండి" అంది.

బరువు తగ్గిందని వాళ్లు సంతోషించారు. మడత పెట్టి గుమ్మం దాకా మోసి మరీ ఇచ్చారు.

గదిలో పరిస్తే దామన్న చెవులు పట్టలేదు. మడిచి ఉంచితే గిరి మొహం మీద మడత పడుతోంది. వాడికి ఊపిరి అందుతుందో లేదో అని ఆమె మాటిమాటికీ మడత ఎత్తి చూసేది. ఆ వారం మబ్బులు పట్టాయి. ఏటా లాగే శ్లాబు కారడం మొదలవుతుందని, మరమ్మతు చేయించమని పట్టాభిగారికి ఫోను చేసింది.

"ఫ్లెక్సీ మీ దగ్గరే ఉందటగా. డాబా మీద పరుచుకోండి. చుక్క దిగదు" అన్నాడాయన. "ఇల్లు బాగుపడ్డట్టే కదమ్మా, అద్దె సంగతి పై నెల మాట్లాడుకుందాం."

పైడమ్మ సాయం పట్టింది. ఇద్దరూ కలిసి డాబా మీదికి లాగారు. రంగు పోకుండా ఉంటుందని సత్యవేణి బోర్లా పరవబోయింది.

"బోర్లా వేస్తే నేనెవరికి కనపడతానమ్మా?"

"డాబా మీద నిన్ను చూసేది కాకులేరా."

"అన్న ఇక హెలికాప్టర్లోనే తిరుగుతాడు. పైనుంచి చూస్తాడు."

సత్యవేణి పైడమ్మ వైపు చూసింది. పైడమ్మ అంచుల మీద ఇటుకలు సర్దింది. బొమ్మ పైకి ఉండేట్టే పరిచారు.

వానలు పడ్డాయి. ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి గిన్నెలు పెట్టే పని తప్పింది. సత్యవేణి కొలిచి చూసుకుని, నాలుగో గుండ్రానికి సరిగ్గా కింద పడేట్టు మంచం జరుపుకుంది. శ్లాబుకు ఇవతల తను, అవతల వాడు. పైన చినుకులు పడుతుంటే వాడికి జలుబు చేస్తుందేమోనని లేచి కూర్చునేది. చెయ్యగలిగింది లేక మళ్లీ పడుకునేది. చీరలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు అలవాటుగా, మీవాడేం చేస్తున్నాడని అడుగుతారు. ఇదివరకు ఆ ప్రశ్నకు ఆమె తల వంచుకునేది. ఇప్పుడు, "ఇంటి పట్టునే ఉంటున్నాడండీ" అంటుంది. వాళ్లు, ఈ రోజుల్లో అదే గొప్ప అంటారు.

వాన లేని రోజుల్లో దుమ్ము పడుతుంది. అందుకని పొద్దున్నే బకెట్టు, పాత లంగా గుడ్డ పట్టుకుని ఆమె డాబా ఎక్కుతుంది. మొదటి రోజు తిన్నగా కొడుకు దగ్గరికే వెళ్లింది. "ముందు అన్నని తుడువమ్మా, బాగుండదు" అన్నాడు గిరి. అప్పటినుంచి వరస తప్పడం లేదు. పైనున్న పెద్దలతో మొదలుపెట్టి, దామన్న నుదురు, కనుబొమలు, మీసం, పళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ కిందికి వస్తుంది. ఆయన చేతులకే ఒక బకెట్టు పడుతుంది. కొళాయి వదిలేది కాసేపే కాబట్టి, ఒక్కోరోజు కింది వరసకి నీళ్లు మిగలవు. అలాంటి రోజున, రేపు తుడుస్తాలే నాన్నా అంటుంది. ఫర్లేదమ్మా అంటాడు వాడు.

"వదినా, టీ చల్లారిపోతోంది" అని కింద నుంచి పైడమ్మ పిలిచింది.

"నువ్వు తాగెయ్" అంది సత్యవేణి, మోకాళ్ల మీద జరుగుతూ. "దామన్నగారి కళ్లజోడు ఒక పక్క ఇంకా ఉండిపోయింది."