నాగభూషణం గారి కర్ర

కర్ణాటక సంగీతం ఇన్ని వందల ఏళ్ళూ పైన అజమాయిషీ చేసేవాడు లేక ఇష్టం వచ్చినట్టు నడిచిందనీ, నాగభూషణం గారు కర్ర పట్టాక గానీ దానికో క్రమశిక్షణ రాలేదనీ పై వాటాలో ఉండే అనసూయ గారు మా ఆవిడతో చెప్పారట. మా ఆవిడ నాతో చెప్పింది. అనసూయ గారికెవరు చెప్పారని అడిగితే, ఇంకెవరు, నాగభూషణం గారే అంది.

ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఆయనదీ మాదీ ఎదురెదురు వాకిళ్ళు. ఆయన ఒక శాఖలో డిప్యూటీ సెక్రటరీ. ఒకసారి విదేశం నుంచి వచ్చిన పెద్ద వాద్యబృందానికి టీలూ, కార్లూ, దోమల మందూ చూసే పని ఆయన నెత్తిన పడింది. ఆ కచేరీలో ఆయన గమనించవలసింది గమనించారు. వయొలిన్ల వాళ్ళు చెమటలు కక్కారు. బాకాలు ఊదేవాళ్ళ బుగ్గలు పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. చేతిలో ఏ వాయిద్యమూ లేకుండా, జనానికి వీపు చూపించి పుల్ల ఊపినాయనకి మాత్రం అందరికన్నా పెద్ద పూలగుత్తి ఇచ్చారు.

"ఇది అచ్చం మన ఆఫీసు పద్ధతేనయ్యా" అన్నారు నాతో, ఆనందం పట్టలేక.

ఆ వారమే రాజధాని తెలుగు వాద్యబృందం పుట్టింది. నాగభూషణం గారు దానికి కండక్టర్. ఈ కబురు ఫోన్లో చెబితే మా ఊళ్ళో అన్నయ్య, ఏ డిపోలో అని అడిగాడు. వయొలిన్ ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి గారు. మృదంగం దశరథ్, ముఖర్జీ నగర్‌లో సివిల్స్ పిల్లలకి పాఠాలు చెబుతాడు. ఘటం నేను. ఊళ్ళో అమ్మ చేత తిట్లు తింటూ నీళ్ళకుండ మీద నేర్చుకున్న విద్య ఇన్నాళ్ళకి ఢిల్లీలో అక్కరకొచ్చింది. ఇక కర్ర సంగతి. అన్నపూర్ణేశ్వరి గారి స్వెట్టర్ అల్లే సూదుల్లో ఒకటి ఆయన తీసేసుకున్నారు. జత విడిపోయి ఆవిడ అల్లిక ఆగిపోయింది. ఆయన కళాజీవితం మొదలైంది.

మొదటి ఉత్తర్వు: నేల మీద కూర్చోవడం రద్దు. మృదంగం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే దశరథ్ పసిబిడ్డకి ఉగ్గు పడుతున్నట్టుండేవాడు. నా కుండ మోకాళ్ళ మీద నుంచి ఎప్పుడు జారుతుందా అని ముందు వరస వాళ్ళు కాళ్ళు వెనక్కి లాక్కునేవారు. ఒక్క ఆచారాన్ని మాత్రం ఆయన కూడా రద్దు చెయ్యలేకపోయారు. చెప్పులు కింద విడిచి, వట్టి కాళ్ళతోనే వేదిక ఎక్కేవాళ్ళం.

ఆయన విద్యంతా ఆ ఆచారం మీదే నిలబడి ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి తాళం రాదు. ఆదితాళానికీ అంబులెన్సు మోతకీ తేడా తెలియదు. అయినా కర్ర తప్పేది కాదు. ఎలాగా అని ఒకరోజు ఆయన చూపు వెంట నా చూపు పోనిచ్చాను. అది తిన్నగా వెళ్ళి అన్నపూర్ణేశ్వరి గారి కుడికాలి బొటనవేలి మీద వాలింది. వాయిస్తున్నంతసేపూ ఆవిడ వేలు తాళానికి లేచి పడుతుంటుంది. వేలు లేస్తే కర్ర లేస్తుంది. వేలు దిగితే కర్ర దిగుతుంది. మా ఊరి మేకల కాపరీ అంతే, మేకలు ఎటు పోతే అటే కర్ర చూపిస్తాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి మేకలు ఎంత బుద్ధిగా మాట వింటున్నాయో అనిపిస్తుంది.

ఈ సంగతి బృందంలో అందరికీ తెలుసు. హాలు ఇప్పించేదీ, సమోసాలు తెప్పించేదీ ఆయనే కాబట్టి కళ పట్ల గౌరవంతో ఎవరూ నోరు మెదపలేదు.

ఇంతలో ఆయన రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసే గడువు దగ్గరపడింది. యమున అవతల ఘాజియాబాద్‌లో సొంత ఫ్లాటు తాళం వేసి ఉంది. బాల్కనీలో బోలెడు ఎండ, పోదాం పదండి అని అన్నపూర్ణేశ్వరి గారు పోరుతూనే ఉన్నారు. ఆయనకి మాత్రం యమున దాటడమంటే వనవాసమే. విజిటింగ్ కార్డు మీద న్యూఢిల్లీ పోతే సంగీతంలో బరువేం మిగులుతుందని నన్నడిగారు. ఒక్కటే దారి ఉంది. శాఖలో వాద్యబృంద సలహాదారు అనే కొత్త పోస్టు పుట్టించి అందులో కూర్చుంటే క్వార్టరు నిలుస్తుంది. అది పుట్టించగల శాఖ కార్యదర్శి రాధాకృష్ణమూర్తి గారిని జనవరి కచేరీకి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన మెచ్చితే పోస్టు, మెచ్చకపోతే సామాన్ల లారీ.

అంతటి కచేరీకి స్వెట్టర్ సూదేమిటని కన్నాట్ ప్లేస్ వెళ్ళి తెల్ల పిడి ఉన్న నల్లకర్ర కొనుక్కున్నారు. సూది ఇంటికి తిరిగొచ్చింది. జత కలిసింది.

కచేరీ రోజు చలి ఎముకలు కొరుకుతోంది. హాల్లో ఉన్న హీటర్లన్నీ ముఖ్య అతిథి పాదాల చుట్టూ చేరాయి. అన్నపూర్ణేశ్వరి గారు చెప్పులు విడిచి వేదిక ఎక్కారు. కాళ్ళకి మెంతిరంగు ఊలు మేజోళ్ళు, కొత్తగా అల్లినవి, బొంతంత మందం.

నాగభూషణం గారు చూశారు. పరీక్షలో ముందు బెంచీ వాడు పేపరుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటే వెనక వాడి మొహం ఎలా అయిపోతుందో అలా అయిపోయింది ఆయన మొహం.

కీర్తన ఎత్తుకున్నాం. ఆయన కర్ర ఎత్తి ఆ ఊలులో వేలి కోసం వెతికారు. ఊలు కదల్లేదు. దశరథ్ తల వైపు చూశారు. వాడు చలికి వణుకుతున్నాడో తాళానికి ఊగుతున్నాడో వాడికే తెలియదు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. మేం వాయించుకుంటూ పోయాం. ఎదురుగా ఊగేది ఏదీ లేకపోవడంతో ఎన్నడూ లేనంత హాయిగా వచ్చింది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. రాధాకృష్ణమూర్తి గారు మైకు అందుకున్నారు.

"చేతులు ఊపే కండక్టర్లని చాలా దేశాల్లో చూశాను. కదలకుండా నడిపించే మనిషిని ఇవాళే చూశాను. అడ్మినిస్ట్రేషన్ అంటే ఇది."

హాల్లో ఉన్న అధికారులంతా ఎవరి సర్వీసు వాళ్ళు తలుచుకుని తలలాడించారు. అనసూయ గారు కళ్ళొత్తుకున్నారు. సలహాదారు పోస్టు ఫైలు సోమవారమే కదుపుతానని ముఖ్య అతిథి అందరి ముందూ ప్రకటించారు. అప్పుడు దిగింది నాగభూషణం గారి చెయ్యి.

కథ అక్కడితో ఆగితే ఆర్.కె. పురంలోనే ఆగేది. కానీ ముఖ్య అతిథికి ఆ లోతేమిటో తెలుసుకోవాలనిపించింది. మైకు తీసుకెళ్ళి అన్నపూర్ణేశ్వరి గారి ముందు పెట్టారు.

"అమ్మా, ఆయన చెయ్యి గాల్లో అలా నిలిచిపోయినప్పుడు మీ అందరికీ ఏం సందేశం అందింది?"

ఆవిడ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, మేజోడు పైకి లాక్కుంటూ చెప్పారు.

"మేమెవరమూ ఆయన్ని చూడమండీ. ఆయనే నా కాలివేలు చూసి కర్ర ఊపుతారు. ఇవాళ చలేసి మేజోళ్ళు వేసుకున్నాను. సామాన్లు కూడా సగం సర్దేశాను."