ముక్కు మీద గీతలు

ఆ పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వాళ్లక్కగారింటికి వెళ్లింది, రెండు రోజులదాకా రాదు. కూతురికి బడి సెలవు, బారెడు పొద్దెక్కితే గాని లేవదు. తన తల్లి స్నానానికి వెళ్లిందంటే ఓ పట్టాన బయటికి రాదు. ఆ సందు చూసుకుని ఇంట్లోంచి జారుకోవాలి. అందచందాలు సరిచేసే డాక్టరమ్మను కలిసి ముక్కు సంగతి ఒక్క మాట అడగాలి. షాపు తెరిచే వేళకు ఏమీ ఎరగనట్టు వెళ్లి నిలబడాలి. అడగడానికే, చేయించుకోవడానికి కాదు. ఈ మాట అతను అద్దం ముందు నిలబడి తనకు తానే రెండుసార్లు చెప్పుకున్నాడు. అదీ అద్దానికి పక్కగా తిరక్కుండా.

అతను పనిచేసేది కళ్లద్దాల షాపులో. ఎదుటివాళ్ల ముక్కులే అతని బతుకుతెరువు. చప్పిడి ముక్కయినా, కోటేరు ముక్కయినా, "అబ్బ, ఈ ఫ్రేము మీకోసమే చేసినట్టుందండీ" అని నమ్మకంగా చెప్పి పంపేవాడు. తన ముక్కు జోలికి మాత్రం మాట రానిచ్చేవాడు కాదు. అది మధ్యలో దిబ్బలా లేచి, కొసకు వచ్చేసరికి కిందికి వంగి, మనిషి కంటే ముందే గుమ్మం దాటే రకం. తల్లి నుంచి అతనికీ, అతని నుంచి కూతురికీ ఎవరూ అడక్కుండానే సంక్రమించింది.

షాపు యజమానురాలు వయసులో చిన్నది. తండ్రి తర్వాత షాపు చూసుకుంటోంది. ఇతని చేతుల్లో పెరిగిన పిల్ల కావడంతో బాబాయ్ అని పిలుస్తుంది. పోయిన వారం పోస్టరు కోసమని ఇతనికి కొత్త ఫ్రేము పెట్టి, పక్కనుంచి ఫొటో తీసింది. తీసి చూసి పకపకా నవ్వింది.

"మనం అమ్మేది కళ్లజోళ్లు బాబాయ్. ఇందులో ముక్కు తప్ప ఇంకేం కనబడట్లేదు!"

అతనూ నవ్వాడు. ఆ పిల్ల ఆ మాట అప్పుడే మరిచిపోయింది. అతనికి మాత్రం రాత్రుళ్లు పక్క మీద పక్కకి తిరిగి పడుకోవాలన్నా సిగ్గేసింది. నలభై ఎనిమిదేళ్లుగా మోస్తున్న ముక్కు ఒక్క వారంలో మోయలేనంత బరువైపోయింది.

ఇంతకీ పథకానికి మొదటి గండి కూతురే కొట్టింది. సెలవు రోజున ఎన్నడూ లేనిది పొద్దున్నే లేచి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, రేపు క్లాసు ఫొటోకి నేను వెళ్లను."

"ఎందుకెళ్లవమ్మా?"

"ఈసారి అందర్నీ పక్కకి తిప్పి నిలబెడతారట. నా ముక్కు ముందున్నవాళ్ల జడకి తగులుకుంటుందని అప్పుడే జోకులేస్తున్నారు."

సరే చూద్దాంలే అని ఊరుకుంటే సరిపోయేది. కానీ లోపల తప్పు చేస్తున్నవాడికి నీతులు చెప్పాలనిపిస్తుంది కదా, అతనికి ఆవేశం ముంచుకొచ్చింది.

"చూడు చిట్టీ. ఇది మీ నాయనమ్మ ముక్కు, నా ముక్కు, మన ముక్కు. దీన్ని చూసి సిగ్గుపడితే మమ్మల్ని చూసి సిగ్గుపడ్డట్టే. నేనెప్పుడైనా సిగ్గుపడ్డానా?"

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. డాక్టరమ్మ క్లినిక్కు నుంచి. అతను దాని నోరు నొక్కేసి ఉపన్యాసం కొనసాగించాడు. కూతురు వినలేదు. విసవిసా తన గదిలోకి వెళ్లి తలుపు ధడాలున వేసింది. మాట్లాడుతూ వెనకే వెళ్తున్న అతని ముక్కు వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

క్లినిక్కులో అన్నీ తెలుపే. గోడలు తెలుపు, కుర్చీలు తెలుపు, డాక్టరమ్మ పళ్లు ఇంకా తెలుపు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఊదారంగు పెన్నుతో ముక్కు మీద చుక్కలు పెట్టి, చుక్కల్ని గీతలతో కలిపి, రెండు బాణం గుర్తులు కూడా వేసింది.

"దీనికి కోతే అక్కర్లేదండీ. ఈ దిబ్బకి పైనా కిందా సూదితో కాస్త మందు నింపితే సమంగా కనబడుతుంది. అరగంట పని. చీమ కుట్టినట్టుంటుంది అంతే. ఇవాళే చేసేద్దామా?"

"చేసేయండి" అంది అతని నోరు. అతన్ని అడక్కుండానే అంది.

ఆవిడ అతని ఒక చేతికి అద్దం, ఇంకో చేతికి పెన్నూ ఇచ్చి, పక్క గదిలోంచి ఒక పళ్లెం తెచ్చింది. అందులో సూది ఉంది. చీమ కుట్టినట్టుంటుందన్న మాట నిజమే కావచ్చుగాని, ఆ చీమ అతని వేలంత పొడుగుంది. "ఒక్క నిమిషమండీ, బాత్రూముకి" అని లేచినవాడు బాత్రూములో ముఖం కడిగాడు. సబ్బుతో రుద్దాడు. ముక్కు ఎర్రబడింది, గీతలు ఇంకా నిగనిగలాడాయి. అలాగే వెనక మెట్ల మీదుగా దిగి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలో పడ్డాడు. షాపులో స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునే అలవాటు కొద్దీ డాక్టరమ్మ పెన్ను కూడా జేబులో పెట్టుకొచ్చేశాడని అతనికి తెలియదు.

అలాంటి మొహంతో షాపుకి ఎలా వెళ్తాడు? మందుల షాపులో దూదీ, గాజుగుడ్డా, ప్లాస్టరూ కొని, మేడమెట్ల కింద నిలబడి, చేతికొచ్చినట్టు ముక్కు మొత్తానికి కట్టు కట్టుకున్నాడు. ఒక్క సూది తప్పించుకుందామని వచ్చినవాడు కాస్తా ఆపరేషను చేయించుకున్నవాడిలా తయారయ్యాడు.

యజమానురాలు చూడగానే హడలిపోయింది. "అయ్యయ్యో బాబాయ్! ఏంటిది?"

"ఏం లేదమ్మా. తలుపు తగిలింది."

"ఏ తలుపు? మన గాజు తలుపా? నేననుకుంటూనే ఉన్నాను, అది ఉందో లేదో తెలీకుండా తుడిపిస్తున్నానని!"

కాదనే లోపే ఆ పిల్ల 'ఇక్కడ తలుపు ఉంది, చూసి రండి' అని పెద్దక్షరాలతో రాసి గాజుకి అంటించేసింది. కాసేపటికి ఒక పెద్దాయన వచ్చి, ఆ కాయితం చదివి, లోపల కట్టుతో నిలబడ్డ మనిషిని చూసి, "కళ్లద్దాలు అమ్మేవాళ్లకే కనబడకపోతే ఇంక మాకేం కనబడుతుంది?" అని వచ్చినదారినే పోయాడు. మరొకావిడ లోపలికైతే వచ్చింది. కాని ఇతని కళ్లజోడు ఆ కట్టు మీద నిలబడితేగా! ఒక చేత్తో తన జోడు పట్టుకుని ఇంకో చేత్తో ఆవిడ జోడు బిగించబోయి, కుడి అద్దం ఎడమకీ ఎడమ అద్దం కుడికీ పెట్టేశాడు. ఆవిడ నాలుగడుగులు వేసి స్తంభాన్ని పట్టుకుంది.

షాపు పరువు తన ముక్కు మూలంగా పోతోందని అతని మనసు కుతకుతలాడింది. "అమ్మా, ఆ కాయితం తీసెయ్. మన తలుపు కాదు. ఇంట్లో తలుపు" అనేశాడు.

"ఇంట్లోనా? అంత గట్టిగా ఎవరేశారు?"

అతను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా జవాబే అయింది. ఆ పిల్ల మనసు వెన్న. పాపం బాబాయ్ ఏదో దాస్తున్నాడని జాలిపడి, అతను భోజనానికి వెనక గదిలోకి వెళ్లినప్పుడు, ఇంటికి ఫోను చేసి పరామర్శించింది. పొద్దున ఇంట్లో తలుపు తగిలి ముక్కు చితికిపోయిందట, గట్టిగా కట్టు కట్టారట, మనిషి పైకి చెప్పుకోవడం లేదట.

ముద్ద గొంతు దిగేలోపు అతని తల్లీ, కూతురూ షాపులో ఉన్నారు. కూతురి కళ్లు ఉబ్బి ఉన్నాయి. అతన్ని చూడగానే బావురుమంది.

"సారీ నాన్నా. నువ్వు వెనకే ఉన్నావని చూసుకోలేదు. ఒట్టు. రేపు ఫొటోకి వెళ్తాను. పక్కకి తిరగమంటే తిరుగుతాను. నువ్వెలా చెప్తే అలా వింటాను."

పొద్దున ఉపన్యాసంతో సాధించలేనిది ఒక్క ప్లాస్టరుతో నెరవేరింది. ఇక్కడే నిజం చెప్పి ఉంటే కథ మర్యాదగా ముగిసేది. అతను చెప్పలేదు. "పర్లేదమ్మా, కావాలని చేశావా ఏంటి" అన్నాడు. పైగా క్షమించినవాడిలా ఆ పిల్ల తల నిమిరాడు. నిమురుతున్న చెయ్యి తనదేనా అన్నంత రోత పుట్టింది అతనికి.

"ఎముక విరిగిందేమోరా. ఆసుపత్రికి పద" అంది తల్లి.

"వద్దమ్మా, తగ్గిపోతుంది."

కూతురు వెక్కిళ్లు ఆపుకుంటూ అడిగింది. "విరిగితే అతుకుతుంది కదా నాన్నా? అతికాక మళ్లీ అలాగే ఉంటుంది కదా? మన ముక్కులాగే?"

అతనికి ఇక ఊపిరాడలేదు. ముక్కు మూసుకుపోయినందుకు మాత్రం కాదు. ప్లాస్టరు కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

ఎర్రటి ముక్కు మీద ఊదారంగు చుక్కలు, గీతలు, రెండు బాణాలు. షాపు నిండా అద్దాలే కాబట్టి, ఎటు చూసినా అదే ముక్కు కనిపించింది. తల్లి దగ్గరికొచ్చి పరిశీలనగా చూసింది.

"ఎవడ్రా నీ ముక్కు మీద పటం గీసింది?"

"డాక్టరు" అన్నాడు నేల చూపులు చూస్తూ. "చిట్టి చేసిందేం లేదు. తలుపు నాకు తగల్లేదు. ముక్కు బాగు చేయించుకుందామని పొద్దున వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు."

యజమానురాలికి పోస్టరు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా వెళ్లి తలుపు మీది కాయితం గీకడం మొదలుపెట్టింది. కూతురు ఏడుపు ఆపేసింది. ఆ పిల్ల ఏడుస్తున్నప్పుడే నయమనిపించింది అతనికి. పొద్దున తను అన్న మాటలన్నీ ఆ పిల్ల మొహంలో ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి. మన ముక్కు. సిగ్గుపడితే మమ్మల్ని చూసి సిగ్గుపడ్డట్టే. భూమి చీలితే బాగుండుననుకున్నాడు. అద్దాల షాపుల్లో భూమి కూడా నున్నగా, గట్టిగా ఉంటుంది.

కూతురు చెయ్యి చాచి అతని జేబులోంచి ఊదారంగు పెన్ను తీసింది. దగ్గర్లో ఉన్న అద్దంలో చూసుకుంటూ, తండ్రి ముక్కు మీద ఎలా ఉన్నాయో అలాగే తన ముక్కు మీద గీతలు గీసుకుంది. ఒక బాణం కాస్త వంకర పోయింది.

"నాది కూడా ఇక్కణ్నించి ఇక్కడిదాకేగా నాన్నా తీసేయాల్సింది?"

అతను గబుక్కున రుమాలు తీసి ఆ పిల్ల ముక్కు తుడవబోయాడు.

"ఆగవే" అంది తల్లి, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ముందు నాకు గియ్యి. సరుకు బయల్దేరింది నా దగ్గర్నించి కదా."

నాయనమ్మ ముక్కు ముడతల మీద గీత సరిగా పారక, మనవరాలు రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. దిద్దుతూనే తండ్రి వైపు చూడకుండా అడిగింది.

"మరి చేయించుకోకుండా ఎందుకొచ్చేశావ్? నా ముక్కు గుర్తొచ్చిందా?"

ఆ పిల్ల అడగడంలోనే జవాబు ఉంది. అవునమ్మా, నువ్వు గుర్తొచ్చావ్ అంటే చాలు. గొంతు బొంగురు చేసి అంటే ఇంకా బాగుంటుంది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. పొద్దుట్నించి ఆడిన అబద్ధాలన్నిట్లో ఇదే అందమైనది.

"లేదమ్మా" అన్నాడు. "సూది చూసి పారిపోయొచ్చాను."

ముందుగా తల్లి భుజాలు నవ్వుతో కదిలాయి. "చిన్నప్పుడూ ఇంతే. టీకా వెయ్యడానికొస్తే మంచం కింద దూరేవాడు" అంది. కూతురు ఆపుకోలేకపోయింది. చేతిలో పెన్ను వణికి, నాయనమ్మ ముక్కు మీది బాణం చెంపదాకా పోయింది. అతను నవ్వలేదు. తనకు ఆ హక్కు ఇంకా రాలేదనుకున్నాడు.

"రేపు ఫొటోకి వెళ్తాను" అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "కానీ బడిదాకా నువ్వే దింపాలి. కట్టు లేకుండా. రుమాలు కూడా అడ్డం పెట్టుకోకూడదు."

మర్నాటికి గీతలు ఏ ముక్కు మీదా చెరగలేదు. తండ్రీ కూతుళ్లిద్దరూ ఎదురెండలో వీధంతా నడిచారు. పాలబూత్ దగ్గర ఇద్దరు ఆగిపోయారు, బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. అడిగినవాళ్లకి అడిగినట్టు, "ముక్కు బాగాలేదని డాక్టరు దగ్గరికెళ్లి, సూదికి భయపడి పారిపోయొచ్చానండీ" అని అతనే చెప్పాడు. మొదటిసారి చెప్పడానికి ప్రాణం పోయినంత పనైంది. బడి గేటు దగ్గరికొచ్చేసరికి కాస్త తడబడకుండా చెప్పగలిగాడు. కూతురు అతని చెయ్యి వదిలి, పిల్లల్లోకి వెళ్లి, ఎవరూ చెప్పకముందే పక్కకి తిరిగి నిలబడింది.

అతను షాపు చేరేసరికి ఫోను మోగింది. క్లినిక్కు నుంచి ఒకమ్మాయి తీయగా అడిగింది, "సార్, ముక్కు విషయం ఏం నిర్ణయించుకున్నారు?"

"అది ఉమ్మడి ఆస్తండీ" అన్నాడు అతను. "మిగతా ఇద్దరూ సంతకం పెట్టనంటున్నారు."