బోడిగుండుతో మాయానగర ప్రవేశం

భూమ్మీద పుట్టడానికి మనిషికి ఏ అర్హతా అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో వెలసిన మాయానగరంలో పుట్టడానికి మాత్రం ఈమెయిలు, ఓటీపీ, నిబంధనలన్నీ చదివానన్న ఒప్పుకోలు కావాలి. (నిజంగా చదివినవారు ఇంతవరకు ఎవరూ లోపలికి చేరలేదు. ఇంకా చదువుతున్నారు.)

అటువంటి నగరంలో కత్తెర బాబాయి పుట్టాడు. నడివయసులో, బోడిగుండుతో, బూడిదరంగు లాగూతో, చౌరస్తాలోని ఫౌంటెన్‌లో నడుంలోతు నీళ్లలో పుట్టాడు.

బాబాయిది వీధి చివర సెలూన్. చేయి మంచిది, నోరు ఇంకా మంచిది. అయినా కొన్నాళ్లుగా షాపులో ఈగలు తోలుకుంటున్నాడు. జనమంతా పొద్దస్తమానం మాయానగరంలోనే ఉంటున్నారనీ, అక్కడ జుట్టు పెరగదనీ (ఇక్కడ పెరిగినా చూసే దిక్కు లేదనీ), అందుకే ఎవరూ రావడం లేదనీ మేనకోడలు తేల్చి చెప్పింది. పోయినవాళ్లను వెతికి పట్టుకొని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టకపోతే బతుకుతెరువు గల్లంతే. అందరికంటే ముందు లెక్కల మాస్టారు దొరకాలి. ఆయన ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వచ్చి, కత్తిరించడానికి ఏమీ లేకపోయినా కుర్చీ ఎక్కి, తన ఎడమ మోకాలి గురించి చెప్పి వెళ్లేవారు. ఆ మోకాలి కబురు తెలియక బాబాయి నిజంగానే బెంగపెట్టుకున్నాడు.

ఎలాగూ ఎవరూ రావడం లేదు కదా అని షాపు మూసేసి, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "మామయ్యా, ఈ బాణం గుర్తు నొక్కితే నడుస్తావు" అని చెప్పి మేనకోడలు కాలేజీకి పోయింది. ఆగడం ఎలాగో చెప్పలేదు. బాబాయి ఫౌంటెన్ దాటి, పూలకుండీలు దాటి, ఎవరిదో పుట్టినరోజు కేకు మీదుగా నడిచి, నవాగత సంక్షేమాధికారి కార్యాలయం గోడకు ముక్కు ఆనించి, అక్కడే చాలాసేపు నడిచాడు.

సంక్షేమాధికారికి నక్క తల, హంస రెక్కలు ఉన్నాయి. (నగర పాలనలో సర్వీసును బట్టి అవయవాలు కేటాయిస్తారు.)

"సార్, నాకు కాస్త జుట్టు ఇప్పించండి. కటింగ్ చేసేవాడికే జుట్టు లేకపోతే ఎవరు నమ్ముతారు?" అన్నాడు బాబాయి.

"ముగ్గురు స్నేహితులు ఉంటే జుట్టు మంజూరవుతుంది."

"అదెంతసేపు! నలుగురిని పలకరిస్తే సరి."

"జుట్టు లేనివాళ్లు ముందుగా ఎవరినీ పలకరించకూడదు."

"పోనీ, వాళ్లే నన్ను పలకరిస్తారా?"

"జుట్టు లేనివాళ్లనా?" అన్నారు అధికారి, నిజంగానే ఆశ్చర్యపోయి.

నోరు కట్టేస్తే కాళ్లు ఊరుకుంటాయా? ఎవరు కనబడినా బాబాయి అలవాటు కొద్దీ వెళ్లి వాళ్ల వెనక నిలబడ్డాడు. జీవితమంతా మనుషుల్ని వెనక నుంచే చూసినవాడు మరి. ముఖం చూస్తే తడబడతాడు గానీ, మెడ చూస్తే ఇంటిపేరుతో సహా చెప్పేస్తాడు. మాయానగర చట్టంలో ఇలా నిలబడడాన్ని 'మొదటి తరగతి అనుమానాస్పద సాన్నిధ్యం' అంటారు. ఇద్దరు రాకుమార్తెలు, ఒక రోబో, ఒక కుర్చీ ఫిర్యాదు చేశారు. (కుర్చీ కూడా పౌరుడే. రూపం ఎంచుకునేటప్పుడు తొందరపడిన బ్యాంకు మేనేజరు.)

విచారణ వారం రోజులు నడిచింది. ఆఖరి రోజున విచారణ సంఘం సభ్యులంతా బల్ల ముందు బారుగా కూర్చుని, నిందితుడు ఎక్కడ అని వెతికారు. నిందితుడు అప్పటికే వాళ్ల వెనక ఉన్నాడు.

"నువ్వేమైనా చెప్పుకునేది ఉందా?" అన్నారు అధ్యక్షులు.

కంగారులో బాబాయి నోటికి వచ్చిన మాట ఒకటే. "తల కొంచెం వంచండి సార్."

వంచారు. కొమ్ములున్నవాళ్లూ, కోరలున్నవాళ్లూ, అందరూ గడ్డం గుండెకు ఆనించి కళ్లు మూసుకున్నారు. "చెవుల దగ్గర జాగ్రత్త" అని గొణిగారు అధ్యక్షులు. కేసు కొట్టేశారు. ఇద్దరు సభ్యులు అక్కడికక్కడే స్నేహితులుగా నమోదయ్యారు.

బాబాయికి ఏనుగెక్కినంత సంబరమైంది. తల వంచమనడం ఆదేశమే గానీ పలకరింపు కాదు కాబట్టి నిబంధనలు కూడా అడ్డురాలేదు. చౌరస్తాలో పడి కనబడిన ప్రతివాడినీ తల వంచమంటూ పోయాడు. చివరికి ఒక మూడు తలల డ్రాగన్ వెనక నిలబడి, మూడు మెడలలో దేన్ని గుర్తుపట్టాలో తెలియక, అదే మాట అన్నాడు. మూడు తలలూ ఒక్కసారే వంగాయి.

"మెల్లగా బాబూ, ఎడమ మోకాలు పట్టేసింది" అంది డ్రాగన్.

బాబాయి గబుక్కున ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు. "మాస్టారూ! ఎలా ఉందండీ మోకాలు?"

"ఏం చెప్పమంటావు!" అన్నారు మాస్టారు, అడిగిందెవరో చూడకుండానే. "పొద్దున ఈ మోకాలితోనే కుంటుకుంటూ వీధి చివరిదాకా కటింగ్‌కి వెళ్లాను. తాళం. వారం నుంచీ తాళమేనట. నాలాగే ఇంకో ఆరుగురు తిరిగిపోయారు. ఏం చేస్తున్నాడయ్యా అంటే, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. బంగారం లాంటి చేయి, పాడైపోయాడు. ఇంకేం చేస్తాం, పొద్దుపోక ఇటొచ్చాను."

బాబాయి తానెవరో చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు మూడో స్నేహితుడిగా నమోదయ్యారు. బోడిగుండు మీద నల్లటి ఒత్తైన జుట్టు మొలిచి, నడుందాకా జారింది.

"అబ్బ, ఏం జుట్టయ్యా!" అన్నారు మాస్టారు, మూడు తలలూ వెనక్కి తిప్పి. "రేపు పొద్దున తొమ్మిదింటికి ఇక్కడికే వస్తావా? కూర్చుని మాట్లాడుకుందాం."

బాబాయి జుట్టు వెనక్కి ఎగదోసుకొని, తప్పకుండా వస్తానన్నాడు. ఆ వేళకు అతనికి షాపు తీయడం తప్ప వేరే పనేమీ లేదు.