ఆకాశమార్గాన డోలూ ఫిడేలూ

కలిసి వాయించుకోవాలంటే మనుషులు ఒకే గదిలో కూర్చోవలసిన యుగం ముగిసిందని ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ ప్రకటించింది. ఇకపై ఆ పని ఆకాశం చూసుకుంటుంది. (ఆకాశాన్ని ఎవరూ అడిగినట్టు లేదు.)

ఈ ప్రకటనను నమ్మినవాళ్ళలో ఒక దర్జీ ఉంది. పగలు జాకెట్లు కుడుతుంది, సాయంత్రం ఫిడేలు వాయిస్తుంది. డోలు వాయించే తమ్ముడు సముద్రం మధ్య దీవిలో లైట్‌హౌస్ చూసుకుంటాడు. అక్కడినుంచి ఇల్లు చేరాలంటే సముద్రం ఒప్పుకోవాలి, పై అధికారి ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్న దాఖలా లేదు. ఇక్కడ వాళ్ళమ్మకు ఒక చెవి పనిచేయడం మానేసింది, రెండోది సెలవు పెట్టే ఆలోచనలో ఉంది.

"ఇది కూడా పోకముందే నాన్న కట్టిన పరుగు పాట మీరిద్దరూ కలిసి వాయిస్తుంటే వినాలనుందే" అంది అమ్మ.

కుట్టుమిషను మీద లాప్‌టాప్ పెట్టి మొదలుపెట్టారు. అక్క వాయించింది ఆకాశానికెక్కి, దిగి, తమ్ముణ్ణి చేరేసరికి కాస్త ఆలస్యమైంది. అతను ఆమె కోసం ఆగాడు. అతను ఆగాడు కదా అని ఆమె ఆగింది. ఈ మర్యాదల్లో పరుగు పాట నడకై, నడక కుంటై, చివరికి చతికిలబడింది.

అమ్మ శ్రద్ధగా విని, "ఇంతకీ పోయిందెవరే?" అని అడిగింది.

అక్క సేవా కేంద్రానికి ఫోన్ చేసి, "మా తాళం కుదరడం లేదండీ" అంది. తాళం సమస్య కాబట్టి ఆమెను పాస్‌వర్డుల విభాగానికి పంపారు. వాళ్ళు పాత తాళం ఎప్పుడు మార్చారని అడిగారు. అడగ్గా అడగ్గా లయ ఫిర్యాదుల అధికారి దొరికాడు.

"ఫిడేలు ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూశారా మేడమ్?"

"రోజూ చేస్తున్నది అదేనండీ."

"పరిశీలించాం. ఆలస్యం మీ ఇద్దరికీ సమానంగా అందుతోంది. మా సేవలో వివక్ష లేదు."

"సమానంగా కాదండీ, అసలే వద్దు."

"అది విధానపరమైన విషయం మేడమ్" అంటూ అతను దాన్ని ఉన్నత సంఘానికి నివేదించాడు.

సంఘం అదే ఉపగ్రహం మీద సమావేశమైంది. అక్కనూ పిలిచారు. "మీరు చెప్పండి" అని ఒకరంటే, "ముందు మీరు" అని మరొకరు. ఇద్దరూ ఆగేవారు, ఇద్దరూ ఒకేసారి అందుకునేవారు. అధ్యక్షుడు ఒక్కడే ఏ అడ్డూ లేకుండా అనర్గళంగా మాట్లాడాడు. పొరపాటున తనకు ఎవరి గొంతూ వినపడకుండా శబ్దం కట్టేసుకున్నాడని తరువాత తెలిసింది.

అక్క నవ్వబోయి ఆగిపోయింది. వెంటనే తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, నా శబ్దం పూర్తిగా కట్టెయ్. నీ పాటికి నువ్వు వాయించుకుంటూ పో. ఇక్కడికి వచ్చినదాన్ని నేను అందుకుంటా."

"నువ్వు వినపడకుండా ఎలా అక్కా? గోడకి వాయించినట్టుంటుంది."

"గోడకే వాయించు. అమ్మ ఇక్కడుందిగా."

అతను వాయించాడు. తెరమీద, ఎదురుగా ఎవరూ లేనివాడిలా ఎటో చూస్తున్నాడు. డోలు దెబ్బ గదిలోకి వచ్చి పడగానే అక్క దాన్ని కమానుతో అందుకుంది. పాట పరుగెత్తింది. అమ్మ మంచి చెవిని లాప్‌టాప్‌కి ఆనించి, మిషను బల్లమీద వేళ్ళతో తాళం వేసింది.

"మీ నాన్న ఇంకా తొందరపడేవాడు" అంది పాట అయిపోయాక, కళ్ళు తుడుచుకుంటూ.

తమ్ముడు శబ్దం తెరిచాడు. "ఎలా వచ్చిందక్కా? నాకేం వినపళ్ళేదు."

"కలిసే వాయించాం రా" అంది అక్క.

ఈ విజయం సంఘం దాకా వెళ్ళింది. సామరస్యం నెలకొనాలంటే ఒకరు రెండోవారిని వినకూడదని సంఘం తీర్మానించి, దాన్ని సేవా కేంద్రానికి కూడా వర్తింపజేసింది. ఆదేశం అందిన రోజే పూర్తిగా అమలైంది. సిబ్బందిలో ఎవరికీ కొత్తగా శిక్షణ ఇవ్వవలసిన అవసరం రాలేదు.