మన లాయరు, మా రహస్యం

నిజాన్ని దాచడానికి ఇనప్పెట్టెలూ తాళాలూ ఎందుకండీ, దండగ! దాని పక్కన ఒక లాయర్ని కూర్చోబెడితే చాలు. ఈ సంగతి కనిపెట్టిన కంపెనీలకి రెండు చేతులా దండం పెడుతున్నాను.

పద్ధతి సులువు. కంపెనీలో ఏదో ఘోరం జరుగుతుంది. మేనేజరే విచారణ చేస్తే ఆ కాగితాలు రేపు ఎవరైనా అడగొచ్చు. అదే బయటి నుంచి లాయర్ని పిలిపించి 'ఇంటర్నల్ ఇన్వెస్టిగేషన్' చేయిస్తే? లాయరుకీ క్లయింటుకీ మధ్య మాట గనక బయటపెట్టమనే హక్కు ఎవరికీ ఉండదు. దీన్నే ప్రివిలేజ్ అంటారు. నిజం పూర్తిగా తెలుస్తుంది, ఎవరికీ తెలియదు. నాగరికత అంటే ఇంకేం కావాలి?

నేనైతే ఇంట్లో వెంటనే అమల్లో పెట్టాను. చేపల పులుసులో తలకాయ మాయమైందని మా ఆవిడ రాజేశ్వరి నిలదీసింది. నర్సీపట్నం కోర్టులో ప్రాక్టీసు చేసే నా మిత్రుడు వీరేంద్రకి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, "విచారణ పూర్తయింది, వివరాలు ప్రివిలేజ్" అని ప్రకటించాను.

"అలాగేనండి. రేపు కూరేటో కూడా ఆ లాయరు గారినే అడగండి" అంది.

ఇళ్లల్లో ఇలాంటి చిన్న ఇబ్బందులుంటాయి. ఫ్యాక్టరీల్లో ఉండవు.

మా ఊరి అవతల ఒక జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర ఆవిరి ఎగదన్ని సూరన్న అనే కార్మికుడి కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. 'కార్మికుడి అజాగ్రత్త' అని కంపెనీ ఆ సాయంత్రమే నోటీసు అంటించింది. ఆ తర్వాత, అసలేం జరిగిందో తెలుసుకుందామని విశాఖ నుంచి లాయర్ని రప్పించింది. వరస చూశారా, ఎంత ముందుచూపో!

పక్కనే పప్పు ఒలిచే గున్నమ్మ అంతా చూసింది. వాల్వు పాడైందని సూరన్న చెప్పడం, మేనేజరు దానికి ఇనప తీగ కట్టించి పని ఆపొద్దనడం. చూసిన మనిషి ఆవిడొక్కతే.

లాయరు గారు ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, "నేను మన కంపెనీ లాయర్నమ్మా. నాకు చెప్పింది ఎక్కడికీ పోదు" అన్నారు.

ఆ 'మన' దగ్గరే ఉంది విద్యంతా. ఇంగ్లీషు వాడికి 'మా' అన్నా 'మన' అన్నా ఒకే మాట. మనకి అలా కాదు. మా ఇల్లు అంటే నీకు వాటా లేదని, మన ఇల్లు అంటే లోపలికి రమ్మని. పాపం గున్నమ్మ లోపలికి వెళ్లింది.

"మన లాయరే గదా అని ఉన్నదంతా సెప్పీసినాను బాబూ" అంది నాతో.

సూరన్న తప్పు లేదని చూపించడానికి, తను చెప్పింది రాసిన కాగితం ఇమ్మని వెళ్లి అడిగింది. మేనేజరు నవ్వాడు. "అది మా లాయరుకి చెప్పింది. ఇవ్వడం కుదరదు."

"నాను సెప్పిందే గదండీ?"

"నువ్వు చెప్పినా అది కంపెనీ రహస్యమే. ఇంకెక్కడైనా అన్నావంటే జైలు."

ఎంత గొప్ప ఏర్పాటు! మనిషి మాట మనిషికే దక్కకుండా చేశారు. అక్కడ సూరన్న ఎడంచేత్తో అన్నం కలుపుకోలేక, అజాగ్రత్తగాడనే పేరు మోస్తూ కూర్చున్నాడు. చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది, ఆనందంతోనే అనుకోండి.

అయితే ఇందులో ఒక లొసుగు ఉందని వీరేంద్ర అంటున్నాడు. రహస్యమల్లా లాయరుతో జరిగిన సంభాషణేనట. కళ్లతో చూసింది కాదట. వాల్వు సంగతి గున్నమ్మ ఎవరు అడిగినా మళ్లీ చెప్పొచ్చునట, జైలు మాట శుద్ధ అబద్ధమట. ఈ ముక్క నేను చెప్తే ఆవిడ నమ్మలేదు. వీరేంద్రని తీసుకొస్తానంటే, "ఇంకో లాయరా, వద్దు బాబూ" అని దండం పెట్టేసింది.

కాబట్టి పాఠకులకి నా విన్నపం. ఈ లొసుగు గురించి గున్నమ్మకి ఎవరూ చెప్పకండి. నా ఒక్కడి మాట నమ్మలేదు గానీ పదిమంది చెప్తే నమ్మేస్తుందని భయంగా ఉంది. అందులోనూ సోమవారం ఈ ప్రమాదం సంగతి విచారించడానికి ఫ్యాక్టరీకి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పొరపాటున గున్నమ్మ ఇంటి వైపు వెళ్తారేమోనని జాగ్రత్త కోసం రాస్తున్నాను: మాకవరపాలెంలో సంత దాటాక ఎడమచేతి వైపు మొదటి సందు, పచ్చ తలుపు. చీకటి పడేసరికి ఇంట్లోనే ఉంటుంది. అటు ఎవరూ వెళ్లకండి.