శోభనం లేని నవల

కళ్యాణదుర్గం తెలుగు వికాస సమితి గత మార్చి నెలలో ఒక చారిత్రక తీర్మానం చేసింది. వనజాక్షి రాసిన ప్రేమ నవలలో నాయికా నాయకులకు పెళ్ళయినా శోభనం జరగలేదు గనుక, ఆ లోపాన్ని సవరించిన మీదటే నవలను అచ్చువేయాలని పదకొండుమంది సభ్యులూ ఏకగ్రీవంగా చేతులెత్తారు. రచయిత్రి చెయ్యి ఎత్తలేదు. ఆమె సభ్యురాలు కాదు కాబట్టి ఆ విషయం ఎవరూ గమనించలేదు.

సమితి గురించి తెలియనివారికి ఒక మాట. మన సంస్కృతిని కాపాడడంలో ఈ చుట్టుపక్కల దానికి సాటి లేదు. క్రితం ఉగాది సంచికకు వచ్చిన ఒక కథలో భార్య భర్త భుజం మీద తల వాల్చింది. అధ్యక్షులు శ్రీరంగప్పగారు రిటైరైన హెడ్మాస్టరు. ఎర్రసిరా కలం తీసి ఆ తలను భుజం మీంచి దిండు మీదికి మార్చారు. కాసేపటికి దిండు కూడా అనుమానంగా తోచడంతో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టారు. అటువంటి సమితి ఇప్పుడు శోభనం కావాలని కోరిందంటే, అది ఎంత బాధతో కోరిందో మీరే ఊహించుకోవాలి.

వనజాక్షి వ్యవసాయ కార్యాలయంలో గుమాస్తా. మండలాలవారీగా వర్షపాతం నమోదు చేయడం ఆమె పని. వాన పడనిచోట సున్నా అని రాస్తుంది, తన వల్ల పడలేదేమోనని సిగ్గుపడదు. కానీ సొంత విషయంలో ముప్పయ్యారేళ్ళూ సిగ్గుపడుతూనే గడిపింది. ఎవరి మీదా ఆమెకు ఆ కోరిక కలగలేదు. ఇష్టం కలిగేది. తోడు కావాలనిపించేది. ఒకరి పక్కన కూర్చుని వాళ్ళ మాట వినాలనిపించేది. అంతే. తల్లి లక్ష్మీదేవమ్మ ఆమెను ముగ్గురు డాక్టర్లకూ ఇద్దరు స్వాములకూ చూపించింది. పెళ్ళిచేస్తే అన్నీ సర్దుకుంటాయని డాక్టర్లన్నారు. అన్నీ సర్దుకున్నాకే పెళ్ళి చేయమని స్వాములన్నారు. తనలో ఏదో విరిగిపోయిందని వనజాక్షి కూడా నమ్మింది.

ఏడ్చి ఏడ్చి విసుగుపుట్టి నవల రాసింది. అందులో ఒక నర్సు, గడియారాలు బాగుచేసే ఒక మనిషి. ఇద్దరిదీ ఈమె తీరే. ఆ మాట ఒకరికొకరు చెప్పుకుంటారు, పెళ్ళి చేసుకుంటారు, సుఖంగా ఉంటారు. వారానికో భాగం చొప్పున ఫోనులో కథల యాప్‌లో పెడితే వేలమంది చదివారు. అది చూసే సమితి అచ్చువేస్తామని ముందుకొచ్చింది.

ఉపాధ్యక్షులు హనుమంతరాయుడుగారు ఎరువుల వ్యాపారి. అప్పటిదాకా సాహిత్యంలో ఒక్క పేజీ రాసి ఎరగరు. లోపించిన అధ్యాయాన్ని తానే పూరిస్తానని మాటిచ్చి మూడురోజుల్లో ఇరవై రెండు పేజీలు రాసుకొచ్చారు.

ఆదివారం పొద్దున వాటిని చదివి వినిపించే సభ ఏర్పాటైంది. మామూలుగా సమితి సభకు అయిదారుగురు వస్తారు. ఆ రోజు హాలు నిండి కిటికీల్లో కూడా జనం నిలబడ్డారు. మొదలుపెట్టే ముందు శ్రీరంగప్పగారు లేచి, చదవబోయేది దాంపత్య విషయం గనుక మర్యాద దృష్ట్యా స్త్రీలు వరండాలోకి వెళ్ళాలని ప్రకటించారు. హాల్లో స్త్రీలు ఇద్దరే. ఒకరు మహిళా విభాగం కార్యదర్శి సుబ్బరత్నమ్మ. రెండోవారు రచయిత్రి.

ఆ విధంగా వనజాక్షిని ఆమె నవలలోంచి వరండాలోకి పంపించారు. సుబ్బరత్నమ్మ మాత్రం లోపల సంస్కృతికి భంగం కలగకుండా కాపలాగా కిటికీకి చెవి ఆనించి నిలబడింది.

నాలుగు నిమిషాల తర్వాత హాల్లోంచి ఒకే ఒక్క మగమనిషి బయటికి వచ్చాడు. పేరు వెంకటేశులు. ముదిగుబ్బలో గొర్రెలకు టీకాలు వేసే ఉద్యోగం. ఈ సభ కోసం రెండు బస్సులు మారి వచ్చాడు.

"లోపల చదువుతాండారు గదా, వినరా?" అని అడిగింది వనజాక్షి.

"దాంతో నాకేం పని మేడం? మీరు రాసింది వినేకి వచ్చినా." అతను చెప్పులవైపు చూస్తూ అన్నాడు. "ఆ గడియారాలాయన ఉండాడే, అచ్చం నా మాదిరే. నా మాదిరి మనిషి ఇంగొకడు ఉంటాడని నలభై ఏండ్లు నాకు తెలీదు."

"నాకూ తెలీదు," అంది ఆమె. "అందుకే కల్పించి రాసినా."

లోపల చప్పట్లు మోగాయి. పదకొండో పేజీ మళ్ళీ చదవమని ఎవరో కోరారు. వనజాక్షికి అప్పుడు ఏడుపు రాలేదు. తనలో ఏదీ విరగలేదని, మొదటినుంచీ అంతా అతికే ఉందని తోచింది. నేరుగా హాల్లోకి వెళ్ళి తన కాగితాలు తనకు ఇచ్చేయమంది.

శ్రీరంగప్పగారు నొచ్చుకుని ఉపన్యసించారు. "అమ్మా, దాంపత్యమనే మహావృక్షం పూయాలి, కాయాలి. పాఠకుణ్ణి పెళ్ళిపందిట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టకుండా పంపడం మన సంప్రదాయం కాదు."

ఆమె వెనకే వచ్చిన వెంకటేశులును చూసి హనుమంతరాయుడుగారు తన సందేహం వెలిబుచ్చారు. "ఏమప్పా, గొర్రెల మధ్య తిరిగేటోనివి. పొట్టేలుకు తెలిసింది నీకు తెలీదా?"

"నేను పొట్టేలు కాదు గదన్నా," అన్నాడు వెంకటేశులు.

దీన్ని సమితి మినిట్స్ పుస్తకంలో శాస్త్రీయ చర్చగా నమోదు చేశారు.

వనజాక్షి కాగితాలు తీసుకుని బయటపడింది. నవలను అనంతపురంలోని ఒక చిన్న ప్రెస్సు ఉన్నదున్నట్టు అచ్చువేసింది. నవల చెయ్యిజారినా సమితి నిరాశపడలేదు. హనుమంతరాయుడుగారి అధ్యాయాన్ని విడి పుస్తకంగా తెచ్చింది. సంస్కృతి పరిరక్షణ గ్రంథమాలలో మూడు ముద్రణలు పొందిన పుస్తకం ఇప్పటికీ అదొక్కటే.

ఆరు నెలలు ఫోన్లో మాట్లాడుకుని, పదిసార్లు కలుసుకుని, వనజాక్షి, వెంకటేశులు రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. కళ్యాణదుర్గంలోనే కాపురం. ఆమె చదువుతుంది, అతను వింటాడు. ఒక్కోసారి చెయ్యి పట్టుకుని కూర్చుంటారు. అంతకన్నా ఏదో కావాలని ఇద్దరికీ లేదు.

ఊరికి ఉంది. సమితి సభ్యులు వంతులవారీగా పళ్ళు పట్టుకుని చూడవస్తున్నారు. కాఫీ తాగి, విశేషమేమైనా ఉందా అని అడిగి, పడగ్గది తెర వైపు మెడలు చాస్తున్నారు.

వాళ్ళను చూసి మీకు నవ్వొస్తోందని తెలుసు. కానీ వీళ్ళకు పెళ్ళయిందని నేను రాసిన వాక్యం దగ్గరనుంచీ మీరూ ఆ తెరవైపే చూస్తున్నారు. కాస్త పక్కకు జరగండి. మీరు అడ్డంగా ఉండటంతో హనుమంతరాయుడుగారికి కనబడటం లేదట.